మాంచెస్టర్ వెళ్తున్నారా? ఆ రన్‌వే కథ కూడా వినండి

అమ్మాయి పురిటికనో, అబ్బాయి కొత్త ఇల్లు తీసుకున్నాడనో ఇంగ్లండు ప్రయాణం కట్టే తల్లులు ఇప్పుడు మనలో తక్కువేం లేరు. అందరూ లండన్‌లోనే దిగుతారనుకోకండి. దుబాయ్ మీదుగానో, దోహా మీదుగానో వెళ్లి మాంచెస్టర్‌లో దిగేవాళ్లూ చాలామందే. పెట్టెలో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు సర్దుకున్నాక స్వెట్టరు పక్కనే ఒక గొడుగు కూడా పెట్టుకోండి. మాంచెస్టర్ వాన పేరు మోసిన వాన. మన శ్రావణమాసపు వానలా కుండపోతగా కురిసి వెలిసిపోదు. సన్నగా, తీరిగ్గా, జల్లెడ పట్టినట్టు పడుతూనే ఉంటుంది. ఆ ఊళ్లో బట్టలు బయట ఆరేస్తే ఆరినట్టే!

సీమగుడ్డ పుట్టిన ఊరు

ఈ ఊరితో మనకు చుట్టరికం కొత్తదేం కాదు. మన అమ్మమ్మల కాలంలో 'సీమగుడ్డ' అనే మాట వినే ఉంటారు. ఆ గుడ్డలో ఎంతో భాగం ఈ మాంచెస్టర్, దాని చుట్టుపక్కల లాంకషైర్ మిల్లుల్లో నేసిందే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరిని 'కాటనోపోలిస్' అని, అంటే పత్తి పట్నం అని పిలిచేవారు. ఇక్కడి మరమగ్గాల గుడ్డ చవగ్గా వచ్చి పడి మన నేతగాళ్ల నోటికాడ కూడు తీసేసింది. స్వదేశీ ఉద్యమంలో మనవాళ్లు నడివీధిలో కుప్పపోసి తగలబెట్టింది ఇలాంటి గుడ్డనే.

ఇప్పుడు ఆ మిల్లులు నడవడం లేదు. కాలవల ఒడ్డున ఎర్ర ఇటుకల భవనాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. చాలావాటిని ఫ్లాట్లుగా మార్చేశారు. ఊరంతా పసుపు రంగు ట్రాములు తిరుగుతుంటాయి. రషోమ్ అనే పేటకు వెళ్తే అక్కడి రోడ్డుకు 'కర్రీ మైల్' అని ముద్దుపేరు. పొడవునా బిర్యానీలు, కబాబులు, మిఠాయి కొట్లు. నాలుక చప్పబడినప్పుడు అటువైపు వెళ్లి రావచ్చు. ఊరి నడిమధ్య మిడ్‌లాండ్ హోటల్ అని ఒక పాతకాలపు పెద్ద భవనం ఉంది. 1904 మే నెలలో రోల్స్, రాయిస్ అనే ఇద్దరు మొదటిసారి కలుసుకున్నది ఈ హోటల్లోనే. రోల్స్‌రాయిస్ పేరు మన కథలో మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

రన్‌వే పక్కన పిక్నిక్

ఇవన్నీ చూశాక మనవలు మిమ్మల్ని లాక్కెళ్లే చోటు ఇంకొకటి ఉంది. ఊరికి నైరుతి దిక్కున 13 కిలోమీటర్ల దూరంలో విమానాశ్రయం. 1938లో మొదలైంది. పాతకాలం వాళ్లు దీన్ని 'రింగ్‌వే' అంటారు. దీని పక్కనే విమానాలు చూడ్డానికని ఒక పార్కు కట్టారు. మట్టిదిబ్బల మీద నిలబడితే కంచె అవతల విమానం పరుగెత్తి లేవడం దగ్గర్నుంచి కనిపిస్తుంది. ఫ్లాస్కులో టీ, డబ్బాలో శాండ్‌విచ్‌లు, మెళ్లో బైనాక్యులర్లు వేసుకుని గంటల తరబడి విమానం నంబర్లు పుస్తకంలో రాసుకునే పెద్దమనుషులు అక్కడ కనిపిస్తారు. మన దగ్గర రైలు గేటు పడితే పిల్లలు పెట్టెలు లెక్కపెడతారే, అలాగన్నమాట.

ఆ పార్కులోనే కాంకార్డ్ విమానం ఒకటి ఉంది. ధ్వని కంటే వేగంగా ఎగిరిన విమానం అది. 2003లో సర్వీసులు ఆపేశాక ఇక్కడికి తెచ్చి ప్రత్యేకంగా షెడ్డు కట్టి నిలబెట్టారు. కొంగ ముక్కులాంటి మూతి, సన్నటి ఒళ్లు. ఇలాంటిదే మరో కాంకార్డ్ 2000 జూలై 25న పారిస్‌లో లేస్తూ లేస్తూ మంటల్లో చిక్కుకుని కూలిపోయింది. విమానంలో ఉన్న 109 మందీ, కింద హోటల్లో ఉన్న నలుగురూ చనిపోయారు. రన్‌వే మీద పడి ఉన్న ఒక లోహపు ముక్క మీదుగా చక్రం వెళ్లి టైరు పగిలింది. ఆ టైరు ముక్క ఎగిరి రెక్క అడుగున కొట్టింది. రెక్కలో ఉన్న ఇంధనం ట్యాంకు చిట్లింది. అవునండీ, విమానం రెక్కలంటే వట్టి రెక్కలు కావు. వాటి కడుపు నిండా కిరోసిన్ లాంటి ఇంధనమే.

రెక్క అడుగున దెబ్బ తగిలితే ఏమవుతుందో మాంచెస్టర్‌కు పారిస్ కంటే పదిహేనేళ్ల ముందే తెలుసు. పిల్లలు కేరింతలు కొడుతూ చూసే ఆ రన్‌వే మీదే అది జరిగింది.

1985 ఆగస్టు 22, పొద్దున ఏడుంపావు

ఆగస్టు అంటే ఇంగ్లండులో పిల్లలకు వేసవి సెలవులు. గ్రీసు దేశంలో కోర్ఫూ అని ఒక ద్వీపం ఉంది. ఎండకూ సముద్రానికీ మొహం వాచిన మాంచెస్టర్ వాళ్లు పిల్లాపాపలతో అక్కడికి బయలుదేరారు. బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ వారి బోయింగ్ 737 విమానం. చంటిపిల్లలతో కలిపి 131 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది.

విమానం రన్‌వే మీద పరుగు మొదలుపెట్టి 36 సెకన్లయింది. వేగం గంటకు 230 కిలోమీటర్లు దాటింది. దబ్బున ఒక చప్పుడు. టైరు పేలిందేమో, పక్షి తగిలిందేమో అనుకున్నారు పైలట్లు. వెంటనే విమానం లేపకుండా ఆపేయాలని నిర్ణయించారు. అది సరైన నిర్ణయమే. కొన్ని సెకన్ల తర్వాతగానీ ఇంజన్‌కు నిప్పంటుకుందని హెచ్చరిక గంట మోగలేదు. అప్పటికే ఎడమ రెక్క కింద మంటలు లేచాయి. విమానం వేగం తగ్గించి, రన్‌వే మీంచి కుడివైపు దారిలోకి తిరిగి ఆగింది. ఆ రోజు పెద్ద గాలేం లేదు. గంటకు 13 కిలోమీటర్ల పిల్లగాలి. కానీ విమానం తిరిగిన తీరు వల్ల ఆ గాలి ఎడమవైపు నుంచి వీచింది. రెక్క కింది మంటను తీసుకొచ్చి విమానం ఒంటికి ఆనించింది. పొయ్యి మీద గిన్నెకు మంట ఆనినట్టు.

ఫైరింజన్లు క్షణాల్లో వచ్చాయి. అయినా 55 మంది చనిపోయారు. విమానం నేల మీదే ఉంది. గాల్లోకి లేవనేలేదు. విమానాశ్రయం ప్రహరీ లోపలే, కూతవేటు దూరంలో ఫైర్ స్టేషన్ ఉండగానే ఇంత జరిగింది. చనిపోయినవాళ్లలో 48 మంది కాలి పోలేదు, పొగ పీల్చి పోయారు. ఈ సంగతి మన వంటిళ్లకూ వర్తిస్తుంది. నిప్పు కంటే ముందు ప్రాణం తీసేది పొగే.

ఒక డబ్బాకు పడిన పగులు

ఇంతకీ ఏం జరిగింది? ఇది అర్థం కావాలంటే విమానం ఇంజన్ లోపలికి ఒకసారి తొంగి చూడాలి. భయపడకండి, మన గ్యాస్ పొయ్యి తెలిసినవాళ్లకు ఇదేం కష్టం కాదు.

ముందువైపు నుంచి గాలిని లాగి బాగా నొక్కుతారు. ఆ గాలిలో ఇంధనం చల్లి మండిస్తారు. మండి ఉబ్బిన వేడి గాలి వెనక్కి తన్నుకుపోతుంటే విమానం ముందుకు దూకుతుంది. ఆ మండించే చోటే మన బర్నరు లాంటిది. ఆ రోజుల ఇంజన్‌లో ఇలాంటి బర్నర్లు తొమ్మిది, గుండ్రంగా ఒక వరసలో ఉండేవి. పొడుగాటి రేకు డబ్బాల్లా ఉంటాయి కనక వాటిని ఇంజనీర్లూ 'క్యాన్' అనే అంటారు. విమానం లేచిన ప్రతిసారీ ఆ డబ్బా ఎర్రగా కాగుతుంది, దిగాక చల్లారుతుంది. రోజూ కాగి చల్లారే పెనానికి కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి కదా? దీనికీ అంతే. అందుకే గంటల లెక్కన విప్పి, పగుళ్లు చూసి, పనికొస్తే బాగుచేసి బిగిస్తారు, లేకపోతే పారేస్తారు.

ఆ విమానం ఎడమ ఇంజన్‌లో తొమ్మిదో డబ్బాకు 1983లో చుట్టూరా పగులు కనిపించింది. దాన్ని వెల్డింగ్‌తో అతికి మళ్లీ వాడారు. రెండేళ్లు బాగానే నడిచింది. ఆ పగులు మెల్లగా మళ్లీ పాకింది. ఆ ఉదయం డబ్బా రెండుగా విడిపోయింది. లోపలి వేడి గాలి ఇంజన్ గోడను చీల్చింది. డబ్బా ముక్క ఎగిరి వెళ్లి రెక్క అడుగున ట్యాంకుకు ఉండే మూతపలకకు తగిలింది. ట్యాంకు లోపల పని చేయడానికి మనిషి చేయి పట్టేలా పెట్టే మూత అది. చుట్టూ ఉన్న రెక్క రేకంత గట్టిది కాదు. పగిలింది. కారిన ఇంధనం ఇంజన్ వేడికి భగ్గుమంది.

ఇందులో మనసును మెలిపెట్టే సంగతి ఇంకొకటుంది. అంతకుముందే ఆ ఎడమ ఇంజన్ గురించి విమానం లాగ్‌బుక్కులో రాసి ఉంది, 'నెమ్మదిగా వేగం అందుకుంటోంది' అని. మెకానిక్కులు చూశారు, సర్దుబాటు చేశారు. ఆ పొద్దున పైలట్లు కూడా ఆ రాత చదివారు, దాని గురించి మాట్లాడుకున్నారు. ఇంజన్ మామూలుగానే పలికింది. బయల్దేరారు. లోపల డబ్బా పక్కకు జరిగితే ఇంజన్ ఇలా నెమ్మదించవచ్చని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఇందులో నిర్లక్ష్యం కంటే అలవాటు పాలే ఎక్కువ. నడుస్తోంది కదా అనే ధీమా. మనమూ కుక్కర్ విజిల్ ఆలస్యంగా వస్తే 'బియ్యం కొత్తవేమోలే' అనుకుంటాం కానీ, గాస్కెట్ తీసి వెలుతురులో చూస్తామా?

ఇరవై రెండున్నర అంగుళాల సందు

పగులు మంటను తెచ్చిపెట్టింది. ప్రాణాలు పోవడానికి మాత్రం విమానం లోపలి అమరిక కూడా కారణమైంది. వెనక కుడి తలుపు దగ్గరున్న ఇద్దరు ఎయిర్‌హోస్టెస్‌లు తలుపు తెరిచారు. కానీ పొగ కమ్మేసి ఆ దారిన ఒక్కరూ బయటపడలేకపోయారు. ఆ అమ్మాయిలిద్దరూ అక్కడే ప్రాణాలు విడిచారు. తర్వాత వాళ్లకు బ్రిటన్ ప్రభుత్వం సాహస పతకాలు ఇచ్చింది. ముందు కుడి తలుపు మొదట ఇరుక్కుపోయింది. ఎడమ తలుపు తెరిచి, మళ్లీ వచ్చి కుడిది సరిచేసి తెరవడానికి విమానం ఆగాక నిమిషం పైనే పట్టింది. ముందు తలుపుల దగ్గరకు వెళ్లాలంటే రెండు అడ్డుగోడల మధ్య నుంచి దూరాలి. ఆ సందు వెడల్పు ఇరవై రెండున్నర అంగుళాలు. మన మూరెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. అక్కడ జనం ఒకరి మీద ఒకరు పడి ఇరుక్కున్నారు.

రెక్క మీదికి తెరుచుకునే కిటికీ తలుపు మరొకటి ఉంది. దాని పక్క సీట్లో ఒక యువతి కూర్చుంది. తలుపు తీసే పిడి అనుకుని ఆమె తన సీటు చేతిని పట్టుకు లాగింది. పక్కనున్న స్నేహితురాలు చేయి చాచి అసలు పిడి లాగింది. లాగగానే తలుపు మొత్తం ఊడి లోపలికి, ఆమె ఒళ్లోకే పడింది. దాని బరువు 22 కిలోలు, ఇంచుమించు ఒక బియ్యం బస్తా. వెనక వరసలో ఉన్న మనిషి దాన్ని ఎత్తి పక్కన పడేస్తే గానీ దారి దొరకలేదు. ఆమెను తప్పుపట్టగలమా? ఆ తలుపు ఎలా తీయాలో అంతకుముందు ఆమెకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు.

137 మందిలో 82 మంది బతికి బయటపడ్డారు.

ఐదు పౌన్ల బహుమతి

ఈ ప్రమాదం తర్వాత ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో హెలెన్ మ్యూర్ అనే మానసిక శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టారు. అప్పటికే ఒక నియమం ఉంది. విమానంలో సగం తలుపులు మూసి ఉన్నా, నిండా ఉన్న జనం 90 సెకన్లలో బయటపడగలరని కంపెనీ చూపించాలి. అందరూ చూపిస్తూనే ఉన్నారు. మరి మాంచెస్టర్‌లో ఏమైంది? హెలెన్ మ్యూర్ ఆలోచన చాలా సులువైనది. పరీక్షకు వచ్చినవాళ్లు 'మీరు వెళ్లండి, ముందు మీరు వెళ్లండి' అంటూ మర్యాదగా వరసలో దిగుతారు. నిజంగా నిప్పంటుకుంటే ఎవరూ అలా దిగరు.

అందుకని ఆమె పాత విమానంలో మామూలు జనాన్ని కూర్చోబెట్టి, ముందు బయటపడ్డ సగం మందికి తలా ఐదు పౌన్లు అదనంగా ఇస్తానంది. అంతే! సీట్ల మీంచి దూకారు, తోసుకున్నారు, సందులో ఇరుక్కుపోయారు. పెళ్లి విందులో బంతికి పరుగెత్తే జనాన్ని చూసిన మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు. కానీ ఆ పరీక్షల వల్లే సందు ఎంత వెడల్పుంటే జనం ఇరుక్కోరో, కిటికీ తలుపు దగ్గర రెండు వరసల మధ్య ఎంత జాగా ఉండాలో లెక్క తేలింది. ఒక ఆడమనిషి లోకజ్ఞానం, చిన్న బహుమతి కలిసి విమానాల కొలతలు మార్చేశాయి.

ఈసారి విమానం ఎక్కినప్పుడు చూడండి. నేల మీద, నడవ పొడవునా సన్నగా వెలిగే గీత ఉంటుంది. పొగ పైకి లేచి దీపాలు కనపడనప్పుడు కింద వంగి ఆ గీత పట్టుకుని పోవాలి. సీటు గుడ్డ కింద నిప్పును ఆపే పొర ఉంటుంది. 1983లో అమెరికాలోని సిన్సినాటిలో ఒక విమానం నిప్పంటుకుని 23 మంది పోయాక మొదలైన ఈ మార్పులు మాంచెస్టర్ తర్వాత ఊపందుకున్నాయి. రెక్క పక్కన అత్యవసర తలుపు ఉన్న వరసలో కాళ్లు చాపుకునే జాగా ఎక్కువ ఉంటుంది. అది సుఖం కోసం ఇచ్చింది కాదు. 737 కొత్త రకాల్లో ఆ తలుపు ఒళ్లో పడదు, బందుల మీద పైకి లేస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్లకు ఎయిర్‌హోస్టెస్ విడిగా వచ్చి చెబుతుంది. ఆ యువతికి ఆనాడు దక్కని నాలుగు మాటలవి.

'తప్పనిసరి' అనే మాట

సరే, ఇవన్నీ నిప్పంటుకున్నాక బయటపడే దారులు. అసలు నిప్పే అంటుకోకుండా చూసేది తనిఖీ.

విమానాల లోకంలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడో ఒక ఇంజన్‌లో ఫలానా భాగం పగిలిందని తేలితే, అలాంటి భాగం ఉన్న ఇంజన్లన్నిటికీ ప్రభుత్వ సంస్థ ఒక ఆజ్ఞ జారీ చేస్తుంది. 'ఇన్ని గంటలు ఎగిరిన ప్రతి ఇంజన్‌లోనూ ఆ భాగాన్ని ఇన్ని రోజుల్లోగా ఈ విధంగా పరీక్షించాలి' అని. అది సలహా కాదు, చట్టం. చేయని విమానం లేవడానికి వీల్లేదు. అమెరికాలో ఎఫ్‌ఏఏ, యూరప్‌లో ఈఏఎస్‌ఏ, మన దేశంలో డీజీసీఏ ఈ పని చూస్తాయి.

ఈ పరీక్షలు చూస్తే మన ఆసుపత్రి గుర్తొస్తుంది. ఇంజన్ విప్పకుండా చిన్న రంధ్రంలోంచి సన్నటి గొట్టం చివర కెమెరా పెట్టి లోపల చూస్తారు, అచ్చం ఎండోస్కోపీ. విప్పిన భాగాలకు ఒక రకం రంగునీళ్లు పూసి, తుడిచి, చీకట్లో ప్రత్యేకమైన దీపం వేస్తే కంటికి కనపడని పగుళ్లలో దాక్కున్న రంగు పచ్చగా మెరుస్తుంది. లోహం లోపలి లోపాలకు కడుపుతో ఉన్న అమ్మాయికి తీసే స్కానింగ్ లాంటిదే తీస్తారు, శబ్ద తరంగాలతో. ఎక్స్‌రే కూడా ఉంది.

మిడ్‌లాండ్ హోటల్ దగ్గర గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇప్పుడు చెబుతాను. 2010 నవంబరు 4న సింగపూర్ చాంగీ విమానాశ్రయం నుంచి ఆస్ట్రేలియాకు లేచిన క్వాంటాస్ వారి ఏ380, రెండంతస్తుల విమానం, అందులో 469 మంది. రోల్స్‌రాయిస్ ఇంజన్లు. ఇండోనేషియాలోని బాటమ్ ద్వీపం మీదుగా వెళ్తుంటే రెండో ఇంజన్ పేలి ముక్కలు ఊరి మీద పడ్డాయి. కారణం నూనె తీసుకెళ్లే చిన్న గొట్టం. లోపల తొలిచేటప్పుడు మధ్యకు రాకుండా పక్కకు జరగడం వల్ల ఒకవైపు గోడ పలచబడి పగిలింది. నూనె కారి ఇంజన్ లోపల మంట లేచింది. ఆ వేడికి తిరిగే చక్రం ఊడి విరిగింది. పైలట్లు దాదాపు రెండు గంటలు గాల్లోనే తిరిగి, ఓపిగ్గా లెక్కలు చూసుకుని సింగపూర్‌లోనే దించారు. ఒక్కరికీ గాయం కాలేదు. వారం తిరక్కముందే ఆ రకం ఇంజన్లన్నిటిలో నూనె కారుతోందేమో తప్పనిసరిగా చూడాలని యూరప్ సంస్థ ఆజ్ఞ ఇచ్చింది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2016 అక్టోబరు 28, అమెరికాలో చికాగో. మయామీకి బయల్దేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 767 విమానం రన్‌వే మీద పరుగెడుతోంది. కుడి ఇంజన్‌లో తిరిగే చక్రం విరిగింది. ఎప్పుడో లోహం పోతపోసేటప్పుడే లోపల ఒక మచ్చ పడింది, పైకి కనిపించదు. ముక్క రెక్కను చీల్చుకుని పోయింది, ఇంధనం కారి అంటుకుంది. పైలట్లు ఆపేశారు. కథంతా మాంచెస్టర్ లాగే ఉంది కదూ? ముగింపు మాత్రం వేరు. అందులో ఉన్న 170 మందీ బతికారు. ఒకరికి మాత్రమే పెద్ద గాయమైంది. ఆ తర్వాత అలాంటి చక్రాలన్నిటికీ లోపలి లోపం పట్టే స్కానింగ్ తప్పనిసరి చేశారు. మాంచెస్టర్‌కూ చికాగోకూ మధ్య 31 ఏళ్లు. ఆ ఏళ్లలో వచ్చిన మార్పులు ఎన్ని ప్రాణాలు కాపాడాయో ఆ 170 మందే సాక్ష్యం.

ఈ పని ఇప్పుడు మనకు దూరంగానూ లేదు. హైదరాబాద్‌లో, శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఫ్రాన్సుకు చెందిన సఫ్రాన్ కంపెనీ ఇంజన్ల వర్క్‌షాపు 2025 నవంబరులో మొదలైంది. మనం ఎక్కే చాలా విమానాలకు ఉండే లీప్ రకం ఇంజన్లను విప్పి, పరీక్షించి, బిగించే చోటది. రంగునీళ్లు పూసి పగులు వెతికే ఆ చేతులు రేపు మీ ఎదురింటి అమ్మాయివే కావచ్చు.

మీ ప్రయాణానికి నాలుగు మాటలు

మనం ఇంజన్ విప్పి చూడలేం. అది వాళ్ల పని. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

సీట్లో కూర్చోగానే ముందుకూ వెనక్కూ అత్యవసర తలుపు ఎన్ని వరసల దూరంలో ఉందో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు కనపడకపోయినా చేత్తో సీట్లు తడుముకుంటూ లెక్కతో వెళ్లవచ్చు. దగ్గరి తలుపు మీ వెనకే ఉండవచ్చు సుమా.

ఎయిర్‌హోస్టెస్ చేతులు ఊపుతూ చెప్పేటప్పుడు ఫోను పక్కన పెట్టి వినండి. సీటుబెల్టు పైమూత ఎత్తి ఒకసారి విప్పి చూడండి. కంగారులో చాలామంది కారు బెల్టుకు ఉన్నట్టు మీట కోసం వెతుకుతారట.

లేచేటప్పుడు, దిగేటప్పుడు చెప్పులు విప్పకండి. నైలాను, పాలిస్టర్ చీరలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి. ప్రయాణానికి నూలు బట్టలే మేలు. పైట, చున్నీ కాళ్లకు అడ్డం పడకుండా సర్దుకోండి.

దిగమన్నప్పుడు బ్యాగు వదిలేయండి. చికాగోలో చెప్పినా వినకుండా సంచులు పట్టుకుని దిగినవాళ్లున్నారు. మీ నగల సంచి కోసం ఆగిన అర నిమిషం వెనకాల ఉన్న పసిపిల్లది. పాస్‌పోర్టు మళ్లీ వస్తుంది.

ఇంటి దగ్గర కూడా ఇదే బుద్ధి పనికొస్తుంది. గ్యాస్ ట్యూబు మీద తేదీ ఉంటుంది, చూశారా? ట్యూబును వంచి చూస్తే వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తాయి. ఏజెన్సీ మనిషి తనిఖీకి వస్తే 'అంతా బాగానే ఉందిలే' అని గుమ్మంలోంచే పంపేయకండి. బాగానే నడుస్తున్నప్పుడు చూడడమే తనిఖీ. ఆగిపోయాక చూస్తే దాన్ని రిపేరు అంటారు.

ఎప్పుడైనా మీ విమానం రెండు గంటలు ఆలస్యమై, 'ఇంజన్ తనిఖీ జరుగుతోంది' అని మైకులో చెబితే నలుగురితో కలిసి విసుక్కోకండి. సంచిలోంచి ఒక సున్నుండ తీసి పక్కావిడకు ఇచ్చి, ఈ కథ చెప్పండి. రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.